ఈ భారం నాది

ఆమేన్ అక్క గొంతు లేస్తే ప్రార్థన మందిరం రేకులు అదిరేవి. పాస్టరు గారి మాట వెనక బెంచీలకు అందాలంటే మైకు కావాలి. ఈమె "ఆమేన్" అంటే మాత్రం వీధి చివర మందుల షాపువాడు కూడా తలెత్తి చూసేవాడు. ఆ పేరు అలా వచ్చి అతుక్కుపోయింది. అసలు పేరేమిటో ఆమెనడిగితే తప్ప ఎవరికీ గుర్తు లేదు.

ఆదివారం ఆమెది గొంతు. మిగతా రోజులు చేతులు. రెండు ఉతికే మిషన్లు, ఒక ఆరబెట్టే మిషను, పొడుగాటి ఇస్త్రీ బల్లలు ఉన్న లాండ్రీ ఆమెది. మొగుడు పోయాక ఒంటిచేత్తో నిలబెట్టుకుంది. ఒక్క గుండీ పోయిందని, ఒక్క రుమాలు తగ్గిందని ఎవరూ ఆమెను వేలెత్తి చూపింది లేదు.

ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. శుక్రవారం సాయంత్రం ప్రార్థన కూటంలో ఎవరైనా లేచి తమ కష్టం చెప్పుకుంటారు. వెంటనే ఇంకొకరు లేచి "ఈ భారం నాది" అనాలి. అన్నవాళ్ళు అక్కడికక్కడే ఆ కష్టం కోసం ప్రార్థన చేయాలి, వారమంతా ఇంటి దగ్గరా చేయాలి. పూర్వం ఎవరో మంచి పాస్టరు పెట్టిన పద్ధతి. పెట్టినవాడి ఉద్దేశం మంచిదే. జనం చేతిలో పడ్డాక అది పందెం అయిపోయింది. ఎవరు ముందు లేస్తారు, ఎవరు ఎక్కువసేపు చేస్తారు, ఎవరికి కన్నీళ్ళు ముందొస్తాయి! భారం అనే మాట నోట్లో నలిగింది తప్ప, బరువు మాత్రం ఎవరి వీపు మీదా పడలేదు. నోటితో మోసేదానికి నడుం నొప్పి ఎందుకొస్తుంది?

మందిరం తుడిచే అవ్వ ప్రతి శుక్రవారం లేచేది. అడిగేది ఒక్కటే.

"మావాడికి పని దొరకాలయ్యా. జైల్లో ఇస్త్రీ పనే చేశాడు. ఆఫీసర్ల బట్టలన్నీ వాడి చేతిమీదుగానే పోయేవంట. బయటికొచ్చాక ఎవరూ రానివ్వట్లేదు."

అవ్వ కొడుకు ఇళ్ళ తాళాలు పగలగొట్టి జైలుకు పోయినవాడు. అందులో దాపరికం లేదు. లోపలుండగానే దేవుణ్ణి నమ్ముకున్నాడు. నమ్మి ఊరుకోలేదు, ఇక అబద్ధం ఆడనని గట్టిగా పట్టుకున్నాడు. అదే అతని పీకలమీదికొచ్చింది. ఇన్నేళ్ళు ఎక్కడున్నావని అడిగితే "జైల్లో" అంటాడు. "ఎందుకు" అంటే "దొంగతనం" అంటాడు. తలుపు మూసుకుంటుంది. వేరే ఊళ్ళో చేశానని ఒక్క ముక్క అంటే ఏదో ఒక పని దొరికేది. అనడు.

అవ్వ కూర్చోకముందే ఆమేన్ అక్క లేచేది. "ఈ భారం నాది! ప్రభువా, నీ బిడ్డ కోసం తలుపులు తెరువు! తెరుచుకోకపోతే గడియలు విరగ్గొట్టు!"

"విరగ్గొట్టడం వాడికే బాగా వచ్చుగా," అని వెనక బెంచీలో ఎవరో గొణిగేవారు. పక్కవాళ్ళు నవ్వు ఆపుకోలేక దగ్గేవాళ్ళు. అక్క ప్రార్థన మాత్రం సాగిపోయేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆమె లాండ్రీలో ఇస్త్రీ చేసే మనిషి పని మానేసి అత్తగారి ఊరు వెళ్ళిపోయాడు. అక్క గుమ్మానికి బోర్డు కట్టింది: "ఇస్త్రీకి మనిషి కావలెను." వచ్చినవాళ్ళలో ఒకడు తాగి వచ్చాడు, ఇంకొకడు కాలరుకీ కఫ్‌కీ తేడా తెలియనివాడు. చేసేది లేక అక్కే బల్ల దగ్గర నిలబడింది. సాయంత్రానికి భుజాలు పట్టేసేవి.

మరి అవ్వ కొడుకు సంగతి ఆమెకు తట్టలేదా? తట్టింది. ఒకసారి బల్ల దగ్గర నిలబడి ఉండగానే తట్టింది. ఈగను తోలినట్టు తోలేసింది. బట్టల జేబుల్లో జనం ఏవేవో మర్చిపోతారు. ఇంటింటికీ మూటలు ఇచ్చిరావాలి, తలుపుల లోపలికి పోవాలి. ఒక్క మాట పుడితే చాలు, లాండ్రీ మూతపడుతుంది. ఆ భయం ఉత్తి భయం కాదు. ఒంటరి ఆడమనిషి పొట్టకు సంబంధించిన భయం. కానీ అదే భయాన్ని జేబులో పెట్టుకుని, శుక్రవారం పూట దేవుడి మీద అరవడం ఏమిటి? దేవుడికి చేతులు లేవా అని అడిగేవాళ్ళకు తమ చేతులు ఎక్కడున్నాయో తెలియదు.

ఒక బుధవారం అవ్వ మందిరం బల్ల గుడ్డలు ఉతకడానికి తీసుకొచ్చింది. అవ్వకు చదువు రాదు. గుమ్మంలో ఆగి పైకి చూసింది.

"ఏం రాశారు తల్లీ, కొత్తగా కట్టావు?"

"రేట్లవ్వా," అంది అక్క, చేతిలో పని ఆపకుండా. "ఇస్త్రీ రేట్లు."

"అంత పెద్ద అక్షరాలా!"

"కనపడాలి గదా మరి."

"అవునవును. నాలాంటి గుడ్డిదానికి ఎంత పెద్దవైనా ఒకటే." అవ్వ నవ్వి, గుడ్డలు బల్లమీద పెట్టి, అక్క చెయ్యి పట్టుకుంది. "మావాడి కోసం నువ్వు మొత్తుకుంటుంటే నాకు ధైర్యం తల్లీ. కన్నదాన్ని, నేనే అంత గట్టిగా అడగలేను."

అవ్వ వెళ్ళిపోయింది. అక్క నిలబడిపోయింది. అబద్ధం ఎంత నున్నగా జారింది! గొంతులో ఎక్కడా తట్టుకోలేదు. అటు జైలు నుంచి వచ్చినవాడు అబద్ధం ఆడలేక ఆకలితో తిరుగుతున్నాడు. ఇటు మందిరం రేకులు అదరగొట్టే మనిషి, చదువురాని ముసలిదాని ముందు అడ్డంగా అబద్ధమాడింది. ఆ రోజు అన్నం తినబోతూ కళ్ళు మూసుకుంటే స్తోత్రం అనే మాట కూడా పలకలేదు.

శుక్రవారం వచ్చింది. అవ్వ లేచింది. అదే మాట చెప్పింది. అలవాటుకొద్దీ అక్క కాళ్ళు లేచాయి, నోరు "ఈ భారం నాది" అంది. అంతే. ఆపైన మాట రాలేదు. జనం తలలు వంచుకుని కాచుకున్నారు. ఒక తల లేచింది, ఇంకొకటి లేచింది.

"చెల్లెమ్మా, ప్రార్థన చెయ్యి," అన్నాడు సంఘపెద్ద. తెల్లచొక్కా, మడత చెదరని మనిషి. ఆ మడతలు అక్క లాండ్రీవే.

"చెయ్యనన్నగారూ."

"ఏంటీ?"

"ఈ విషయం దేవుణ్ణి అడగడం ఇక సిగ్గుచేటు. నా షాపు గుమ్మానికి మనిషి కావాలని బోర్డు వేలాడుతోంది. ఇస్త్రీకే కావాలి. అవ్వ ఏం రాశావని అడిగింది. రేట్లని చెప్పాను." ఆమె అవ్వ వైపు తిరిగింది. "అబద్ధం చెప్పానవ్వా."

పాస్టరు గారు నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నారు. ఆయనా ఈ కూటాల్లో ఎన్నిసార్లు గట్టిగా ఆమేన్ అన్నారో!

"చూడమ్మా," అన్నాడు సంఘపెద్ద, "జాలి వేరు, వ్యాపారం వేరు. ఆ జైలోణ్ణి లోపల పెట్టుకుంటే నా ఇంటి బట్టలు నీ గడప తొక్కవు. ముందే చెప్తున్నా."

"అయితే ఇన్నాళ్ళూ వాడికి పని దొరకాలని మీరు ఆమేన్ ఎందుకన్నారన్నగారూ? పక్కవీధి వాళ్ళెవరైనా ఇస్తారనా?"

సంఘపెద్ద చొక్కా మడత సర్దుకున్నాడు. అవ్వ మాత్రం అక్కను చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం ఉందో, బాధ ఉందో అక్కకు అంతుపట్టలేదు. ఆఖరికి అవ్వ అంది:

"రేపు పొద్దున ఎన్నింటికి రమ్మంటావు వాణ్ణి?"

వచ్చాడు. ముప్పై దాటిన మనిషి, పొడుగు, కొంచెం వంగి నడుస్తాడు. వస్తూనే కాళ్ళు తుడుచుకుని, ఇస్త్రీ పెట్టె వైరు ఎక్కడైనా తెగిందేమో చూసుకున్నాడు.

"జేబులన్నీ నేనే వెతుకుతా," అంది అక్క. "మూటలు ఇవ్వడానికి నువ్వు వెళ్ళొద్దు. గల్లాపెట్టె వైపు రావద్దు."

"సరే అక్కా."

"కోపమొచ్చిందా?"

"ఎందుకొస్తుంది? నీ చోట్లో నేనున్నా అదే చెప్పేవాణ్ణి. ఇంకో తాళం ఎక్కువ వేసేవాణ్ణి కూడా."

నవ్వొచ్చింది గానీ అక్క నవ్వలేదు. రెండో బల్ల దగ్గర తనూ పనిలో దిగింది. సంఘపెద్ద బట్టల మూట ముందే వచ్చి ఉంది, సాయంత్రానికి ఇవ్వాలి. చేతులు చొక్కా మీద ఉన్నాయి, కళ్ళు మాత్రం అవ్వ కొడుకు చేతుల మీద ఉన్నాయి. అతను కోటు తీస్తే ఆమె మెడ సాగింది. అతను వంగితే ఈమె వంగింది. కోటు లోపలి జేబు దగ్గర చెయ్యి ఆగితే ఊపిరి బిగబట్టింది. అతను నలిగిన లోపలి అస్తరు గుడ్డను సాపు చేస్తున్నాడు.

"అక్కా," అన్నాడు అతను తలెత్తకుండా, "నన్ను తర్వాత చూద్దువుగానీ. వాసనొస్తోంది, ముందు పెట్టె ఎత్తు."

ఎత్తింది. సంఘపెద్ద తెల్లచొక్కా వీపు మీద ఇస్త్రీ పెట్టె అచ్చు, గోధుమరంగులో, కోసినట్టుగా పడింది.

ఇన్నేళ్ళలో ఆమె చొక్కా కాల్చడం అదే మొదలు. అతను చొక్కా వెలుతురుకు పట్టి చూసి, పోదని తల ఊపాడు.

"ఆయన వచ్చినప్పుడు నువ్వేమీ మాట్లాడకక్కా. ఊరికే నిలబడు. నేనే కాల్చాననుకుంటారు."

"నువ్వు అబద్ధం ఆడవటగా?"

"ఆడను. నన్నడిగితే నిజమే చెప్తా. కానీ నన్నెవరడుగుతారు? నా మొహం చూసి తేల్చేసుకుంటారు. నాకు అలవాటే. నీ పేరు ఎందుకు పాడవ్వాలి?"

ఎంత సులువు! అబద్ధం ఆడక్కర్లేదు, నోరు కదపక్కర్లేదు. ఎప్పుడూ అరిచే మనిషి ఒక్కసారి నోరు మూసుకుంటే చాలు. మధ్యాహ్నమంతా ఆ ఆలోచన ఆమె చుట్టూ తిరిగింది. వ్యాపారం నిలబడితేనే గదా ఇతనికీ పని ఉండేది, అని కూడా తనకు తానే చెప్పుకుంది. మనసుకు లాయరు ఎప్పుడూ దొరుకుతాడు.

సాయంత్రం సంఘపెద్ద వచ్చాడు. లోపలికి రాకుండా గడపలోనే నిలబడి, "ఇదే ఆఖరు మూట" అంటూ చెయ్యి చాపాడు. అక్క మూట ఇవ్వలేదు. కాలిన చొక్కా విప్పి చూపించింది. ఆయన చొక్కా చూశాడు, తర్వాత అవ్వ కొడుకును చూశాడు.

"చూశావా! ఒక్క రోజు కూడా కాలేదు! చెప్తే విన్నావా?"

అతను తల వంచుకున్నాడు. అక్క పెదాలు ఒక క్షణం అతుక్కునే ఉన్నాయి.

"నేను కాల్చానన్నగారూ."

"వాణ్ణి వెనకేసుకురాకమ్మా."

"వెనకేసుకురావడం కాదు. వీడేం కాజేస్తాడోనని కాపలా కాస్తూ చేతిలో పెట్టె మర్చిపోయాను. వీడు బుద్ధిగా మీ కోటు మడతలు సరిచేస్తున్నాడు. దొంగచూపులు చూసింది నేను."

"చెవిలో పూలు పెట్టకు. చిన్నప్పటి నుంచి పెట్టె పట్టిన చెయ్యి నీది. నువ్వు కాల్చడమేంటి?"

"అదే నేనూ పొద్దుట్నుంచి అనుకుంటున్నా!"

ఆయన నమ్మలేదు. చొక్కా చంకలో పెట్టుకుని విసురుగా వెళ్ళిపోయాడు. ఆదివారం మందిరంలో అదే మాట. అడిగిన ప్రతివాళ్ళకూ అక్క "నేనే" అని చెప్పింది. అడగనివాళ్ళకూ వెళ్ళి చెప్పింది. "ఎంత మంచి మనసో, నెత్తిన వేసుకుంటోంది" అన్నారు కొందరు. ఆ మెచ్చుకోలు ఆమెకు తిట్టుకంటే ఎక్కువ మంట పెట్టింది. నిజం చెప్తే ఎవరూ నమ్మకపోవడం ఎలా ఉంటుందో ఆమెకు మొదటిసారి తెలిసింది. అవ్వ కొడుకు అందులోనే కాపురం ఉంటున్నాడని కూడా తెలిసింది.

మందుల షాపువాడు బట్టలు పంపడం మానేశాడు. ఇంకో రెండు ఇళ్ళూ మానేశాయి. అక్క గల్లాపెట్టెలో డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకుంది. అయినా అవ్వ కొడుకును మానమనలేదు. అతను పొద్దున్నే వచ్చేవాడు, ఏదో పాట సన్నగా పాడుకుంటూ కాలర్లు పలకల్లా నిలబెట్టేవాడు.

వారం తిరగకముందే సంఘపెద్ద భార్య పెద్ద మూటతో దిగింది.

"ఇదిగో వదినా, దుప్పట్లూ ఆయన బట్టలూ. ఆ అబ్బాయిచేత చేయించు. నువ్వు మాత్రం దయచేసి ముట్టుకోకు."

అక్క తెల్లమొహం వేసింది. "అన్నగారు ఒప్పుకున్నారా?"

"ఆయన ఎప్పుడు ఒప్పుకున్నారులే. చొక్కా మీద ఆ అచ్చు చూడగానే చెప్పా, ఇది పని రానివాడి చెయ్యి కాదు, పెట్టె వదిలేసి దిక్కులు చూసినవాళ్ళ పని అని. నేనూ సీరియల్ చూస్తూ రెండు కాల్చాను గదా! వాదించి వాదించి ఊరుకున్నారు. ఇస్త్రీ లేని చొక్కాతో ఎన్నాళ్ళు తిరుగుతారు?"

ఆమె వెళ్ళాక అవ్వ కొడుకు మూటను ముట్టుకోకుండా అక్క ముందుకు జరిపాడు. "జేబులు చూడక్కా."

అక్క మూట వైపు చూసింది. అతని వైపు చూసింది.

"నువ్వే చూడు," అంది. "ఏమన్నా ఉంటే పక్కన పెట్టు. నేను టీ తాగొస్తా."

ఎదురుగా టీ బంకు. బల్లమీద అటు తిరిగి, షాపుకు వీపు పెట్టి కూర్చుంది. టీ వచ్చింది. మెడ వెనక చీమలు పాకినట్టుంది. ఒక్కసారి, ఊరికే, బస్సేమైనా వస్తోందేమో చూసినట్టు తిరిగితే ఎవరికి తెలుస్తుంది? గ్లాసును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"ప్రభువా," అంది పెదాలు కదిలీ కదలకుండా, "వాడి సంగతి తర్వాత. ముందు నా మెడ పట్టుకో."

టీ చాలా వేడిగా ఉంది. ఊదుకుంటూ, తొందరపడకుండా, మొత్తం తాగింది.