ఎర్ర గీత ఆగిన చోటు

నరసన్నపేటలో బస్సెక్కగానే గున్నమ్మ అరిసెలు నొక్కే చెక్కల సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని ఫోను తీసింది. గజపతినగరంలో ఓ పెళ్లింటికి సారె వండడానికి పోతోంది. అత్తారింటికి పోయే ఆడపిల్లలకి అరిసెలు, సున్నుండలు వండి బుట్టలకెత్తడం ఆవిడ పని. పెళ్లికూతురు ఏడుస్తూ కారెక్కే వేళకి మాత్రం అక్కడుండదు. ఏదో వంక చెప్పి ముందే బస్సెక్కేస్తుంది.

అరిసెల పని ఒక్కరి వల్ల కాదు. ఒకరు నూనెలోంచి తీస్తుంటే ఒకరు చెక్కల మధ్య పెట్టి నొక్కాలి. ఇన్నేళ్లూ తీసేది తవిటమ్మ, నొక్కేది గున్నమ్మ. బస్సులో తవిటమ్మ ఫోన్లో సీరియలు పెట్టేది. ఇయర్‌ఫోన్ తీగ ఒకటి ఆవిడ చెవిలో, ఒకటి ఈవిడ చెవిలో. ఊరొస్తే ఆపేసేవారు. ఆపిన చోట బొమ్మ కింద ఎర్ర గీత నిలిచిపోయేది. ఒకరు లేకుండా ఒకరు చూడకూడదన్నది ఒప్పందం.

మోకాళ్లు పొయ్యి దగ్గర కూర్చోనివ్వక, తవిటమ్మ వేసవిలో రాయగడలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. పోతూ అల్లుడి చేత గున్నమ్మ ఫోన్లోనూ తన సీరియళ్ల ఖాతాయే పెట్టించింది.

"ఎవులెక్కడ ఆపినా రెండో ఫోన్లో తెలిసిపోద్ది. ఆదివారం ఫోన్ సేసుకుని కలిసి సూద్దుమే" అంది.

కొన్ని ఆదివారాలు అలాగే చూశారు. తర్వాత ఫోను రాలేదు.

ఇప్పుడు తెరిచి చూస్తే, కోడలు పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ చోట ఆపిన సీరియలు ఆసుపత్రిలో ఉంది. నాలుగు భాగాలు దాటిపోయింది. తను అప్పా అని పిలిచే తవిటమ్మ మంచాన పడిందేమో, తోచక చూస్తోందేమో. వెంటనే ఫోను చేసింది.

"అప్పా, ఒంట్లో బాగున్నాదా?"

"నాకేటయ్యింది? గుండ్రాయిలాగున్నాను."

"సీరియలు ముందుకెల్లిపోనాది."

అవతల ఓ పిల్ల నవ్వు వినిపిస్తోంది.

"నిద్దరోయుంటాను. అదే తిరిగీసుంటాది."

"నాలుగు భాగాలూ నిద్దరోయావా? కుంభకర్ణుడి సెల్లివా ఏటి?"

తవిటమ్మ పకపకా నవ్వింది. "ఎనక్కి పెట్టుకుని సూడే. ఆ కోడలు సావదులే, బయపడకు" అని చటుక్కున ఆగిపోయింది. "మనవరాలు పిలస్తన్నాది. ఉంటాను."

గున్నమ్మ వేలితో గీతని మెల్లగా వెనక్కి లాగి, కోడల్ని మళ్లీ గుమ్మంలో నిలబెట్టింది. తవిటమ్మ ఫోన్లోనూ గీత ఇక్కడే ఉంటుంది. చూస్తే గుర్తొస్తుంది. ఆగుతుంది.

పక్క సీట్లో గౌరి, పనికి కొత్తగా కుదిరిన పిల్ల, తొంగి చూసింది. "ఆపీసినావేటి పిన్నీ?"

"ఇది ఒక్కదాన్నీ సూసీది గాదే."

పెళ్లింట్లో గౌరి అరిసె తీసేసరికి అది మాడుతోంది, గున్నమ్మ చెక్కలు చాపి ఎదురుచూడాల్సి వస్తోంది. తవిటమ్మతో అయితే ఒకరి చేతిని ఒకరు చూసుకోనక్కర్లేదు. దూరంగా రైలు కూసినప్పుడల్లా, రాయగడ వైపేనా అని తలెత్తింది. ఫోను సంచిలోనే ఉంది. తీయడానికి భయమేసింది.

మర్నాడు సన్నాయి అప్పగింతల పాట ఎత్తుకోకముందే గౌరిని లేవదీసి బస్సెక్కింది. బస్సు కదిలాక ఇక ఆగలేక ఫోను తెరిచింది.

గుమ్మంలో కోడలు లేదు. ఆసుపత్రీ లేదు. ఏదో సముద్రపు ఒడ్డు, ఓ ముసలాయన, కొత్త మనుషులు.

గీతని మళ్లీ వెనక్కి లాగబోయింది. వేలు ఆగిపోయింది. లాగితే, రాత్రి అన్నాలు తిన్నాక మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, ఎక్కడ వదిలేశామా అని తవిటమ్మ వెతుక్కోవాలి.

గున్నమ్మ ఒక తీగ చెవిలో పెట్టుకుంది. రెండోది ఒళ్లో పడి ఉంది. దిగేముందు గీతని మళ్లీ అక్కడికే తెచ్చి పెట్టాలనుకుంటూ, తవిటమ్మ లేచి వెళ్లిపోయిన చోటు నుంచే చూడడం మొదలుపెట్టింది.

గౌరి ఆ రెండో తీగ అడక్కుండానే తీసి చెవిలో పెట్టుకుంది. "ఆ ముసిలోడు ఎవులు పిన్నీ? ఎందుకలా ఏడస్తన్నాడు?"

"నాకూ తెల్దే" అంది గున్నమ్మ, తెర మీంచి కళ్లు తీయకుండా. "మా అప్పకి తెలుసు."