ఆవిరి దారిలో పీటచెక్క

హవిస్సును దేవతలకు చేర్చేవాడవు, ప్రాణుల కడుపులో ఆకలివై వెలిగేవాడవు, మంచుదేశపు ఇళ్లలో ఆవిరివై తిరిగేవాడవు. అగ్నిదేవా! ఈ కథ చెప్పే నోట అసత్యం రానీయకు.

అమెరికాలోని అరోరా ఊళ్లో, ఒక పాత ఇటుకల మేడ నేలమాళిగలో పద్మనాభం తెల్లవారకముందే బాయిలరు గాజుగొట్టంలో నీటిమట్టం చూసి, అడుగున చేరిన తుప్పునీటిని బకెట్టులోకి వదులుతున్నాడు. అరవై నాలుగేళ్ల మనిషి. ఒకనాడు చక్కెరమిల్లులో ఆవిరి కాల్చిన మచ్చ అతడి ఎడమ ముంజేతిమీద ఎండిన తమలపాకులా ముడుచుకొని ఉంది. పద్దెనిమిది చలికాలాలుగా ఆ మేడ వెచ్చదనం అతడి పని. బాయిలరులో పుట్టిన ఆవిరి గొట్టాలగుండా ప్రతి ఇంట్లోని రేడియేటరు అనే ఇనుపపెట్టెకు చేరి గదులను వెచ్చబరుస్తుంది. బాయిలరు పక్కగదిలోని మంచం అతడి ఇల్లు.

మూడు వారాలుగా రెండో అంతస్తులో గొట్టాలు సమ్మెటతో కొట్టినట్లు మోగుతున్నాయి. అతడు గాలి వదిలే మూతలు మార్చాడు, బాయిలరు కడిగాడు. మోత ఆగలేదు. మేడ వ్యవహారాలు చూసే దివాకర్ నిన్న మెట్లమీదే నిలబడి చెప్పేశాడు.

"అంకుల్, రేపు సాయంత్రానికి సౌండ్ ఆగాలి. లేకపోతే ఓనర్ బయట కంపెనీకి ఇచ్చేస్తానంటున్నాడు. అప్పుడు మీ రూమ్ కూడా వాళ్ల సామాన్లకే."

పది గంటలకు పద్మనాభం రెండో అంతస్తులో రాధారాణి తలుపు తట్టాడు. ఇంటినుంచే ఆఫీసు పని చేసుకునే ఆవిడ, ఫిర్యాదులన్నీ ఆవిడవే.

"మళ్లీ మీరేనా అంకుల్! నిన్న కాల్‌లో మా మేనేజర్, మీ ఇంట్లో కన్‌స్ట్రక్షన్ నడుస్తోందా అని అడిగాడు. పరువు పోయింది."

"ఇవాళ రేడియేటరు మీది గిన్నె దించి చూస్తానమ్మా."

"అయ్యో, ముట్టుకోకండి! ఇడ్లీపిండి ఇప్పుడే పొంగుతోంది. కదిపితే అణిగిపోతుంది."

వచ్చిన ప్రతిసారీ ఇదే మాట. పరుల ఇంటి వంటగిన్నె తాకరాదన్న ఆచారంలో పెరిగినవాడు కనుక, అతడూ ప్రతిసారీ చేయి వెనక్కు తీసుకున్నాడు. గిన్నె కిందినుంచి నేలదాకా వేలాడే పూలగుడ్డను ఎత్తి చూడనే లేదు. ఇవాళ మోకాళ్లమీద కూర్చుని ఎత్తాడు. ఆవిరి ప్రవేశించే వైపు కాలికింద ఒక విరిగిన పీటచెక్క కనబడింది.

"ఇది మీరే పెట్టారా, అమ్మా?"

"గిన్నె ఒరిగి పిండి పొర్లిపోతుంటే పెట్టాను. లెవెల్‌గా ఉంటే మంచిదేగా?"

చల్లబడి నీరైన ఆవిరి వచ్చిన దారినే వెనక్కు జారాలి. అందుకే రేడియేటరును అటు వాలుగా నిలుపుతారు. చెక్క ఆ వాలును చంపింది. కదలలేని నీటిని కొత్త ఆవిరి గుద్దుతోంది.

అతడు చెక్కను లాగి అవతలి కాలికింద దోపాడు. గిన్నె ఒరిగింది. ఆవిడ "అయ్యయ్యో" అంటూండగానే, తన మెడలోని బూడిదరంగు ఉన్ని మఫ్లరు తీసి, నాలుగు మడతలు వేసి, గిన్నె పల్లపు అంచుకింద సర్దాడు. పిండి సమంగా నిలిచింది. కాసేపటికి సన్నని ఈలతో ఆవిరి వచ్చింది. మోత లేదు.

"హమ్మయ్య! మీటింగ్ ఉంది అంకుల్, తలుపు వేసి వెళ్లండి."

సాయంత్రం దివాకర్ అడిగాడు. "ఆగిందా! ఇంతకీ ప్రాబ్లమ్ ఏంటి?"

ఆవిడ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఇల్లు ఖాళీ చేయమన్న నోటీసు ఆవిడకు వెళ్తుంది. చలికాలంలో ఆడకూతురిని వీధిలో నిలబెట్టిన పాపం తనకెందుకు?

"వాలు తప్పింది, బాబూ."

"అంటే మూడు వారాలుగా మీకు కనపడలేదా? సారీ అంకుల్, ఓనర్ పొద్దున్నే సైన్ చేసేశాడు. రేపే కంపెనీ వాళ్లు దిగుతారు."

"సాయంత్రందాకా అన్నారు గదా?"

"అన్నాను. ఆయన ఆగలేదు."

పద్మనాభం బకెట్టు కడిగి బోర్లించాడు. తాళాలగుత్తి మేకుకు తగిలించాడు. పెట్టె పట్టుకొని, బోసిమెడను చేత్తో కప్పుకుంటూ, మంచులో రైలుస్టేషనువైపు నడిచిపోయాడు.

వారం తరువాత రాధారాణి పక్కింటి మనీషాతో అంది. "కొత్త కంపెనీ రాగానే చప్పుడు పోయింది చూశావా? పాపం, ఆ అంకుల్‌కి పనే రాదు."

ఈ కథ విన్నవారి ఇళ్లలో నిప్పు చల్లారకుండుగాక! వెచ్చదనమిచ్చిన చేతిని వారు మరువకుందురుగాక! రాధారాణి ఇంట పిండిగిన్నె కింద, మరకలు అట్టకట్టిన ఆ మఫ్లరు నాలుగు మడతలతో ఇంకా అలాగే ఉంది.