వినబడని బంతి

దారం కొసను బొటనవేలి కింద నొక్కిపెట్టి, సనోబర్ మోకాళ్ళ మీద వెనక్కి జరుగుతోంది. ఆటశాల చెక్క నేల పొద్దుటి చలికి ఇంకా చల్లగానే ఉంది. రాత్రి కుస్తీవాళ్ళు పరుపులు ఈడ్చినప్పుడు పాత గీత చిరిగిపోయింది. టేపు ముక్కలు అక్కడక్కడా చుట్టలు చుట్టుకుని పడున్నాయి. వాటిని గోళ్ళతో గీకి తీసి జేబులో వేసుకోవాలి. కొత్త దారం బిగుతుగా పరిచి, పైన టేపు అంటించి, అరచేత్తో అదమాలి. అప్పుడు నేల మీద గీత సన్నగా ఉబ్బి నిలబడుతుంది. చూపు లేనివాళ్ళకు గీత అంటే అదే. కాలి వేలికి తగలని గీత గీత కాదు.

అవతలి కొసన టేపు చుట్ట పట్టుకుని జెబో కూర్చుంది. పల్లె నుంచి వచ్చి సనోబర్ దగ్గర ఉంటున్న పదిహేడేళ్ళ పిల్ల. ఎడమ కంట్లో పలచని వెలుగు మిగిలింది, కుడి కంట్లో అదీ లేదు. సన్నటి ఒళ్ళు, పొడుగు చేతులు. నేల మీద ఒక్కసారిగా వాలి బంతిని ఆపితే, పరుపు విసిరినట్టు మెత్తటి చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు కోసమే సనోబర్ పొద్దున్నే లేచేది.

"ఏంటక్కా, మళ్ళీ సాలెగూడు అల్లుతున్నావా?" గుమ్మంలోంచి కుస్తీ గురువు తుర్దికుల్ అడిగాడు.

"నువ్వు తెంపడం ఆపితే నేను అల్లడం ఆపుతా."

"నేనేం చేశానే? పరుపుకేం కళ్ళున్నాయా, గీత చూసుకుని జరగడానికి?"

"పరుపుకు లేకపోతే పోయె, లాగేవాడికున్నాయిగా."

తుర్దికుల్ నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. సనోబర్ నవ్వలేదు. ఎనిమిదేళ్ళుగా పొద్దున ఆమె అతికిస్తుంది, రాత్రి వాళ్ళు చింపుతారు. పరుపులు ఎత్తి మొయ్యండని చెప్పిన ప్రతిసారీ సరే అక్కా అనేవాళ్ళు. ఈడ్చేవాళ్ళు.

ఇవాళ గీత గట్టిగా ఉండాలి. మధ్యాహ్నం విదేశీ గురువులు వస్తున్నారు. ఆడవాళ్ళనూ అవిటివాళ్ళనూ ఆటల్లోకి తేవాలని దేశదేశాలు తిరుగుతున్న బృందమది. ఊరికొకరిని ఎంచుకుని వేసవంతా తమ దేశంలో ఉంచుకుంటారట, ఒక గురువుకు అప్పగించి నేర్పి పంపుతారట. తిరిగొచ్చాక వాళ్ళే తమ ఊళ్ళో నలుగురికి నేర్పాలి. ఈ ఊరి నుంచి జెబో పేరు వెళ్ళింది. చూపు లేని పిల్ల కనుక తోడుగా మరో మనిషికి కూడా చోటుంది.

జెబో మేనమామ ఎర్గాష్ పల్లె నుంచి వచ్చి ఒకే మాట చెప్పిపోయాడు. అతిథులు తీసుకుపోతే పంపుతాడు. లేదంటే ఈ సాయంత్రమే ఇంటికి తోలుకుపోతాడు. మే నెల. పట్టుపురుగులు ఆఖరి నిద్ర లేచి ఆబగా మేసే రోజులు. ఇంట్లో మనుషులు చాలడం లేదు. పురుగులయ్యాక పత్తి, పత్తి అయ్యాక ఇంకోటి. ఈసారి వెళ్తే పిల్ల తిరిగి రాదని సనోబర్‌కు తెలుసు. జెబోకు ఇంకా బాగా తెలుసు.

గీత పూర్తయ్యాక సనోబర్ రోజూ లాగే అంధుల సంఘం కర్మాగారానికి వెళ్ళి తన బల్ల దగ్గర కూర్చుంది. అక్కడ బ్రష్షులు తయారుచేస్తారు. చెక్కలో చిల్లు వెతికి, అందులోంచి తీగ ఉచ్చు పైకి తీసి, గుర్రపు వెంట్రుకల కుచ్చు అందులో పెట్టి కిందికి లాగాలి. మళ్ళీ చిల్లు, మళ్ళీ కుచ్చు. పద్దెనిమిదో ఏట మొదలుపెట్టిన పని, ఇప్పుడామెకు నలభై ఆరు. తీగ ఒరుసుకుని చూపుడువేళ్ళకు గాడి పడింది. ఊళ్ళో బూట్లు తుడిచినా, బట్టలు దులిపినా, గోడకు సున్నం వేసినా ఆ బ్రష్షు ఆమె చేతి మీదుగా పోయినదే కావచ్చు. ఎవరు చేశారని ఎవరూ అడగలేదు. బ్రష్షును అలా ఎవరు అడుగుతారు?

ఆరేళ్ళప్పుడు జ్వరమొచ్చి చూపు పోయింది. పట్నంలో గుడ్డిపిల్లల బడి, తర్వాత ఈ బల్ల. పక్క బల్ల హమీద్‌ను పెళ్ళి చేసుకుంది. సంఘం వసతిగృహంలో ఒక గది ఇచ్చారు. పిల్లలు లేరు. ఒక శీతాకాలం హమీద్ బ్రష్షులు కట్టలు కడుతూ కడుతూనే పోయాడు. చేతిలో పురికొస అలాగే ఉంది.

చూపు లేనివాళ్ళు చప్పుడు విని ఆడే ఈ బంతి ఆట వచ్చింది ఆ తర్వాతే. మొదట్లో మామూలు బంతిని ప్లాస్టిక్ సంచిలో కట్టి దొర్లించేవాళ్ళు. సంచి కరకరలాడుతుంటే ఆ చప్పుడును బట్టి ఆడేవాళ్ళు. అసలు బంతి, లోపల మువ్వలున్నది, ఎవరో దానమిచ్చిన పెట్టెలో ఎప్పుడో వచ్చింది. ఆటశాల అధికారి రహ్మతిల్లా దాన్ని అద్దాల బీరువాలో కుస్తీ కప్పుల మధ్య పెట్టి తాళం వేశాడు. ఏడాది పాటు అక్కడే ఉంది. బీరువా తుడిచే మనిషి ఒకరోజు అది మోగుతోందని వచ్చి చెబితే, సనోబర్ వెళ్ళి అధికారి గుమ్మం ముందు కూర్చుంది. బంతి ఇచ్చేదాకా లేవలేదు.

మధ్యాహ్నం పని ఆపి ఆమె మళ్ళీ రహ్మతిల్లా దగ్గరికి వెళ్ళింది. ఒకే ఒక్క మాట అడిగింది. బంతి దొర్లుతున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు, గోల్ పడ్డాకే చప్పట్లు, ఆ సంగతి అతిథులకు ముందే చెప్పాలి.

"అతిథులొస్తే నోరు మూసుకోమంటామా చెల్లెమ్మా?" అన్నాడు రహ్మతిల్లా. "శవం లేచిన ఇల్లనుకుంటారు."

అతని కోడలు షహ్లో పక్కనే ఉంది. అతిథుల భాష వచ్చింది ఊళ్ళో ఆ అమ్మాయి ఒక్కదానికే. మెత్తటి గొంతు, గులాబీ సబ్బు వాసన. తను చెప్తానులే అక్కా, దిగులుపడకు అంది.

అతిథులు వచ్చారు. వాళ్ళకంటే ముందు బూరలు వచ్చాయి. పెళ్ళిళ్ళలో ఊదే, మనిషికంటే పొడుగుండే ఇత్తడి బూరలు రెండు, వాటితో డోలు. రహ్మతిల్లా పిలిపించాడు. గుమ్మం బయట ఊది వెళ్ళిపోతారనుకుంది సనోబర్. వాళ్ళు లోపలికి వచ్చారు. ఆటశాల గోడలు దద్దరిల్లాయి. అందరికీ ఆట సమానం కావాలని కళ్ళగంతలు కట్టుకుని గీత మీద కూర్చున్న ఆడపిల్లలు ఉలిక్కిపడి ఒకరి చెయ్యి ఒకరు వెతుక్కున్నారు.

రహ్మతిల్లా ఉపన్యాసమిచ్చాడు. మా ఊళ్ళో ఆడదైనా అవిటిదైనా అందరూ సమానమేనన్నాడు. షహ్లో దాన్ని వాళ్ళ భాషలో చెప్పింది. అతిథుల పెద్ద మార్తా అనే ఆవిడ. అడుగులు బరువుగా పడుతున్నాయి, మంచి పొడగరి అయ్యుండాలి. ఆవిడది పడవ పోటీలట. మువ్వల బంతి ఆట చూడటం ఇదే మొదటిసారట, ఎంతో ఆత్రంగా ఉందట. చప్పట్లు కొట్టారు.

ఆట మొదలైంది. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. ఇటువైపు మధ్యలో సనోబర్, ఎడమన జెబో. మొదటి బంతి వస్తుండగా కాస్త నిశ్శబ్దం. మువ్వలు నేల మీద గలగలమంటూ ఎడమకు ఒరిగాయి. జెబో వాలింది. ఆ మెత్తటి చప్పుడు. బంతి ఆమె పొట్టకు తగిలి ఆగింది. లేచి తిప్పి విసిరింది. అవతల ఎవరి చేతికీ చిక్కక బంతి వాళ్ళను దాటి వెనక్కి పోయింది. గోల్.

చప్పట్లు, ఈలలు. ఆ ఊపుకు బూరలవాళ్ళకూ ఉత్సాహమొచ్చింది. ఊదడం మొదలుపెట్టారు, ఇక ఆపలేదు. సనోబర్ చెయ్యెత్తింది. ఆపండని అరిచింది. తన గొంతు తనకే వినబడలేదు. అవతలి జట్టు అమ్మాయి, ఆపమన్నది వినకనే, బంతి విసిరింది. మంచి బలమైన అమ్మాయి. గట్టి రబ్బరు బంతి.

జెబో తల ముందుకు చాచి వెతుకుతోంది. చెవితో వెతకాలంటే తల ముందుకు పెట్టాలి. బంతి నేరుగా ముఖం మీద తగిలింది.

బూరలు ఆగేసరికి సనోబర్ నేలంతా తడుముతూ పిల్లను చేరుకుంది. పొద్దున అతికించిన టేపు వేళ్ళకు తడిగా తగిలింది. ముక్కు నుంచి రక్తం. పై పెదవి చిట్లి వాచిపోతోంది. అతిథులు అయ్యో అంటున్నారు. ఆ అయ్యో అన్ని భాషల్లోనూ ఒకేలా ఉంటుంది.

"బంతి వినబళ్ళేదు పిన్నీ," జెబో గొణిగింది. "నాదే తప్పు."

"ఆ మాట ఇంకోసారన్నావంటే చెంప పగలగొడతా," అంది సనోబర్. పిల్ల ముక్కు పట్టుకుని తల పైకెత్తకుండా ముందుకు వంచింది.

రహ్మతిల్లా గొంతు అతిథులవైపు తిరిగింది. చూశారా, ఎంత సున్నితమైన పిల్లలో, అన్నాడు. ఇక్కడే, మన కళ్ళముందే ఇలా అయితే పరాయి దేశంలో ఏమైనా అయితే ఎవరు జవాబుదారీ? వాళ్ళింట్లోవాళ్ళు కూడా ఒప్పుకోవడం లేదు. అందుకని ఈసారికి, తోడుగా రావలసిన మా షహ్లో ఒక్కతే వస్తుంది. అంతా చూసి, నేర్చుకుని వచ్చి, తర్వాత ఈ అమ్మాయిలందరికీ తనే నేర్పుతుంది.

గుడ్డిపిల్ల ఆగిపోయింది. గుడ్డిపిల్లకు తోడు వెళ్తోంది. ఆ తోడు జీవితంలో ఒక్కసారి కూడా బంతి ముట్టుకోలేదు. సనోబర్ ముందు తాను సరిగా వినలేదనుకుంది. అంత తేలిగ్గా ఎవరు అనగలరు?

"షహ్లో," అని పిలిచింది. "వాళ్ళకి చెప్పు. ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నారని చెప్పు. దెబ్బ తగిలింది పిల్ల చేతకాక కాదు, మీ చప్పట్ల వల్ల, ఈ బూరల వల్ల బంతి వినబడక అని చెప్పు. కావాలంటే నోళ్ళు మూసుకుని కూర్చోండి, మళ్ళీ ఆడి చూపిస్తాం అని చెప్పు."

రహ్మతిల్లా గొంతు సవరించుకున్నాడు. ఆ తర్వాత షహ్లో వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. చిన్న వాక్యం. సనోబర్ అన్నదాంట్లో నాలుగో వంతు కూడా లేదు. అతిథులు మురిసిపోయి నవ్వారు. చప్పట్లు కొట్టారు.

తను చెప్పినదానికి నవ్వు రాకూడదు. నవ్వొచ్చింది. సనోబర్ చెవుల్లో వేడి ఆవిరి కొట్టినట్టయింది. మార్తా గొంతు వినబడినవైపు నడిచి, చెయ్యి చాచి, దొరికిన చొక్కా చేతిని గట్టిగా పట్టుకుంది. భాష లేకపోతే పోనీ. ఈ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, రక్తంతో తడిసిన గీత మీద పెట్టి, బంతి చెవి దగ్గర మోగించి, ఎలాగో ఒకలా...

షహ్లో వేళ్ళు వచ్చి ఆమె వేళ్ళను ఒక్కొక్కటిగా, నొప్పి పుట్టకుండా విడదీశాయి. మళ్ళీ ఆ భాషలో ఏదో అంది. మార్తా పెద్ద చెయ్యి సంతోషంగా సనోబర్ భుజం చుట్టూ పడింది. ఎదురుగా కెమెరాలు టకటకమన్నాయి.

"ఏం చెప్పావు?" సనోబర్ అడిగింది.

"మీతో ఫొటో దిగాలంటోందని చెప్పా అక్కా," షహ్లో నెమ్మదిగా అంది. "ఇంకేం చెప్పను? నేను ఆ ఇంట్లో బతకాలి."

సనోబర్ భుజం మీద ఆ బరువైన చెయ్యి ఇంకా ఉంది. మంచి మనిషే అయ్యుండాలి. ఆ మంచితనాన్ని ఏం చేసుకోవాలో సనోబర్‌కు తెలియలేదు. భుజం దులిపింది. చెయ్యి పక్కకు పోయింది. మార్తా ఏదో అడిగింది, ఎవరూ దాన్ని మన మాటల్లోకి మార్చి చెప్పలేదు.

అతిథుల బస్సు బయల్దేరేటప్పుడు వాకిట్లో పెద్ద సందడి. షహ్లో ఆ బస్సులోనే రాజధానికి వెళ్ళి, అక్కణ్ణుంచి విమానమెక్కుతుంది. ఆమె అత్తగారు గుండ్రటి రొట్టె తెచ్చి కోడలి నోటి దగ్గర పెట్టింది. దూరం వెళ్ళేవాళ్ళు రొట్టె కొరికి వెళ్తారు. మిగతాది ఇంట్లో ఉంచుతారు, తిరిగొచ్చి వాళ్ళే తినాలి. అతిథులకు ఈ ఆచారం బాగా నచ్చింది. ఇంకోసారి కొరకమన్నారు, ఫొటో సరిగా పడలేదట. షహ్లో ఇంకోసారి కొరికింది.

బస్సు దుమ్ము అణగకముందే ఎర్గాష్ చిన్న వ్యాను వచ్చి ఆగింది. వెనక మల్బరీ కొమ్మలు నిండా ఉన్నాయి. ఆకు పచ్చివాసన వేస్తోంది. పిల్ల ముఖం చూసి, ఇదేంటి ఎద్దు పొడిచిందా అన్నాడు. మళ్ళీ తనే, పోన్లే, ఆకు దూయడానికి ముఖమెందుకు, కళ్ళెందుకు అన్నాడు. హాస్యమే అనుకున్నాడు. ఇంజన్ ఆపలేదు.

జెబో సంచి సర్దుకుంది. సర్దుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. పిన్నీ అనలేదు, ఏడవలేదు. వాచిన పెదవితో ఊపిరి బరువుగా తీస్తోంది.

"ఆగు," అంది సనోబర్.

లోపలికి వెళ్ళి అతిథుల బల్ల తడిమింది. ఎండుద్రాక్ష పళ్ళేలు, చల్లారిన టీ కప్పులు, వాటి మధ్య ఎవరూ ముట్టని రొట్టెలు. ఒకటి తీసుకుని బయటికి వచ్చింది. రహ్మతిల్లా చూస్తున్నాడేమో, చూడనీ అనుకుంది.

"కొరుకు."

ఎర్గాష్ నవ్వాడు. "ఏంటక్కా, ఇంటికేగా పోయేది? ఇంటికెళ్ళేవాళ్ళ చేత రొట్టె కొరికిస్తారా ఎక్కడైనా? సైన్యంలోకి పోతోందనుకున్నావా?"

"ఇల్లు ఏదో నువ్వు చెప్పకు," అంది సనోబర్. అంత నెమ్మదిగా అంది కనుక అతను నవ్వు ఆపాడు. "పిల్ల మళ్ళీ రావాలి. కొరకవే."

జెబో రెండు చేతులతో రొట్టె అంచు వెతికింది. నోరు తెరవడానికి నొప్పిగా ఉన్నట్టుంది, చాలాసేపు పట్టింది. తర్వాత పటుక్కున కొరికింది. నములుతూనే వ్యాను ఎక్కింది. తలుపు జారి మూసుకుంది. చక్రాల కింద కంకర మోగింది, రోడ్డు మలుపు దాకా సనోబర్ ఆ చప్పుడును వింటూ నిలబడింది. తర్వాత మిగతా చప్పుళ్ళలో అది కలిసిపోయింది.

లోపల కుస్తీవాళ్ళు వచ్చేశారు. పరుపులు ఈడుస్తున్నారు. సనోబర్ గుమ్మంలో నిలబడి, ఎత్తి మొయ్యండిరా అని అరిచింది. ఇన్నేళ్ళలో ఆమె అలా అరవడం వాళ్ళెప్పుడూ వినలేదు. పరుపు ఆగింది. ఆ ఒక్క పరుపూ ఎత్తి మోశారు. రెండోది మళ్ళీ ఈడ్చారు.

వసతిగృహం గదిలో, హమీద్ కోటు ఒకప్పుడు వేలాడిన మేకుకు, రొట్టెను గుడ్డసంచిలో పెట్టి తగిలించింది. అది వేసవి ముగిసేసరికి ఎండి చెక్కలా గట్టిపడింది. ఒక అంచున చిన్న పళ్ళ గుర్తు, పెదవి వాచిన పక్క పైపైన, రెండో పక్క లోతుగా.