చుక్కాని చప్పుడు

పడవ మూలుగుతోందని మొదట పసిగట్టింది జ్ఞానమ్మ. ఆ పడవ సరంగు ఆమె భర్త ఆశీర్వాదమే. చుక్కాని పిడి రోజంతా అతని చేతిలోనే ఉంటుంది. అయినా అతనికి ఆ చప్పుడు వినపడలేదు.

"ఎడం పక్కకి తిప్పినప్పుడల్లా కిర్రుమంటందయ్యా. ఆనక టక్కుమంటంది," అంది ఆమె, అన్నం కుండ పొయ్యి మీంచి దించి, అతని ఎదురుగా వచ్చి నిలబడి.

పెదవుల కదలిక చూసి సగం, ఊహించుకుని సగం అర్థం చేసుకున్నాడు ఆశీర్వాదం. రెండేళ్లుగా అతని చెవులు మందగిస్తూ వచ్చాయి. ఈ సంగతి భార్యకు తప్ప మరెవరికీ తెలియదు. ఎదురుపడవ వాళ్లు కేకేసినా, కాలువ లాకు తలుపుల దగ్గర శంఖం ఊదినా ఆమె వెనకనుంచి అతని భుజం తట్టేది. వంట కోసం వెంట వస్తోందని అందరూ అనుకునేవారు.

రైలు ఇంకా రాని రోజులు. పాలకొల్లు నుంచి నిడదవోలుకు ధాన్యమంతా కాలువ మీదే వెళ్లేది. పడవ కాశీవిశ్వనాథరాజుగారిది. వారం తిరిగేసరికి గట్టు మీంచి పడవను తాడుతో లాగే మనుషులు కూడా చప్పుడు విన్నారు. పడవకేదో పట్టిందని ఒకరంటే, దిష్టి తీయాలని ఇంకొకరన్నారు. ఆ మాట రాజుగారి దాకా వెళ్లింది. ఆయన రేవుకొచ్చి నిలదీశారు.

"ఏరా ఆశీర్వాదం, పడవ అంతలా అరుస్తుంటే నాకెందుకు చెప్పలేదు?"

"ఆయ్, అంత పెద్ద చప్పుడేం కాదండి."

"గట్టు మీదున్నోళ్లకి వినపడింది. పిడి పట్టుకున్నోడివి, నీకు వినపడదా?"

చెవిటివాణ్ణి సరంగుగా ఎవరు ఉంచుకుంటారు? ఆశీర్వాదం వంగి పడవ తాడు సర్దసాగాడు.

నర్సాపురం నుంచి వీరబ్రహ్మంగారిని పిలిపించారు. పడవలు కట్టడంలో ఆయనది అందె వేసిన చెయ్యి. చుక్కాని చెక్కను పడవ వెనక కంబానికి రెండు ఇనుప శీలలు పట్టి ఉంచుతాయి. ఒకటి పైన, ఒకటి నీళ్లలో. ఆయన సరుకుతో ఉన్న పడవలోనే పిడి అటూ ఇటూ తిప్పించి, చెవి ఒగ్గి విని, చప్పుడు పైనుంచే వస్తోందని తేల్చారు. ధాన్యం దింపించి, పైశీల మార్చి, ఆముదం పోశారు. ఖాళీ పడవను రేవులో నాలుగుసార్లు తిప్పి చూశారు. కిక్కురుమనలేదు.

మర్నాడు ధాన్యం ఎక్కించి బయలుదేరారు. మొదటి మలుపులోనే జ్ఞానమ్మ ముఖం చూసి చప్పుడు పోలేదని ఆశీర్వాదానికి తెలిసిపోయింది. లాకులోకి దూరుతుండగా ఎడమకు తిప్పాడు. పిడి తిరిగింది గానీ పడవ తిరగలేదు. ఒక్క క్షణం చుక్కాని పట్టు తప్పినట్టయి, పడవ పక్కభాగం లాకు గోడను రాసుకుపోయింది. పై పలక చీలింది. మనుషులకు దెబ్బలు తగలకపోవడం అదృష్టం.

పడవను సరుకుతోనే వెనక్కి తెచ్చారు. రాజుగారూ, వీరబ్రహ్మంగారూ రేవులోనే ఉన్నారు.

"శీల కొత్తది. నా పనిలో లోటు లేదండి. పట్టే చేతిలో ఉందేమో చూసుకోండి," అన్నారు వీరబ్రహ్మంగారు.

రాజుగారు చీలిన పలకను వేలితో తడిమారు. వచ్చే వారం వేరే సరంగును చూడాలన్నట్టు ఆశీర్వాదం వైపు ఒక చూపు చూశారు.

ఆ చూపుకు అతనికి రోషం వచ్చింది. పదిహేడేళ్లుగా ఆ పిడి పడుతున్న చెయ్యి అది. తలగుడ్డ నడుముకు బిగించి నీళ్లలోకి దిగాడు. పైశీల మీద అరచెయ్యి ఆనించి, పిడి తిప్పమని జ్ఞానమ్మకు సైగ చేశాడు. చేతికేమీ తెలియలేదు. మెడ లోతుకు వంగి, వెనక కంబానికి దవడ ఆనించాడు. ఆమె మళ్లీ ఎడమకు తిప్పింది. దవడ ఎముకలో టక్కున తగిలింది. కుడికి తిప్పితే లేదు. ఎడమకు మళ్లీ తగిలింది.

"పైన కాదండీ, కింది శీల!" అన్నాడు పైకి లేచి.

వీరబ్రహ్మంగారు నవ్వారు. "నీళ్లలో ఉన్నది నాకే వినపడలేదు, నీకెలా వినపడిందోయ్?"

ఆశీర్వాదం భార్య వైపు చూశాడు. ఆమె కళ్లు దించుకుంది.

"వినపడలేదండి. నాకు చెవుడండి. దవడకి తగిలింది."

వీరబ్రహ్మంగారు పంచె ఎగ్గట్టి తానే నీళ్లలోకి దిగి, అతను చూపించిన చోటే దవడ ఆనించారు. లేచి, బస్తాలు దింపించమని రాజుగారికి చెప్పారు.

చుక్కాని ఊడదీసి గట్టు మీద పడుకోబెట్టారు. బొటనవేలంత ఉండాల్సిన కింది శీల అరిగి చిటికెన వేలంత అయింది. అది కూర్చునే ఇనుప కడియం బెజ్జం కోడిగుడ్డు ఆకారానికి సాగిపోయింది. పడవ ఖాళీగా ఉన్నప్పుడు నీటి తోపు తక్కువ కాబట్టి అది బయటపడలేదు. కింద పుట్టిన చప్పుడు చెక్కలోంచి పైకి పాకి, పైన పుట్టినట్టు వినపడింది.

"ఇంకో నాలుగు రోజులైతే తెగిపోయేది," అన్నారు వీరబ్రహ్మంగారు. "తప్పు నాదేనండి, చేతిది కాదు."

కమ్మరి కొత్త శీల సాగగొట్టాడు. కడియం లోపల ఇత్తడి పట్టీ వేయించారు. రెండు రోజులు పట్టింది.

ఆ రెండు రోజులూ రాజుగారు ఆశీర్వాదంతో మాట్లాడలేదు. మూడో నాడు బస్తాలు ఎక్కిస్తుండగా వచ్చి అతని ఎదురుగా నిలబడి, ఒక్కొక్క మాటే విడమరిచి అడిగారు.

"చెవుడని ఎన్నాళ్లు దాచావు?"

"రెండేళ్లండి."

"మరి లాకుల దగ్గర?"

"నేను చెప్పేదాన్నండి," అంది జ్ఞానమ్మ.

"ఇద్దరూ కలిసి నాతో అబద్ధమాడారన్నమాట." ఆయన గొంతులో కోపం తగ్గలేదు. అయినా తాడు లాగే మనుషులను పిలిచి, సరంగుకు వినపడదనీ, కేకేసే వాళ్లెవరైనా జ్ఞానమ్మకే కేకెయ్యాలనీ అందరి ముందూ చెప్పారు. ఆమె ఇక పిడి దగ్గరే ఉండాలనీ, వంటకు వేరే మనిషిని చూసుకోమనీ అన్నారు.

నలుగురిలో అలా బయటపడ్డందుకు ఆశీర్వాదానికి సిగ్గేసింది. చెవులు వేడెక్కాయి. అయినా రెండేళ్ల తర్వాత మొదటిసారి, ఎవరైనా పిలుస్తున్నారేమోనన్న బెంగ లేకుండా పిడి పట్టుకున్నాడు. మిట్టమధ్యాహ్నానికి పడవ పాలకొల్లు పొలిమేర దాటింది.