ధరూరు సవరం

గద్వాల పాత బస్టాండు వెనక గల్లీల యమున దుకాణం పొద్దున ఎనిమిదింటికి తెరుస్తది. బోర్డు మీద బ్యూటీ పార్లర్ అని రాసి ఉంటది గాని, ముఖాల కోసం అక్కడికి ఎవరూ రారు, జడల కోసమే వస్తరు. పెండ్లికూతుళ్లకు పూలజడలు, పేరంటాలకు పోయేటోళ్లకు ఐదుపాయల జడలు. అన్నిటికన్నా ఎక్కువ గిరాకి సవరాలకు.

యమునది మగ్గం ఇల్లు. చిన్నప్పటి నుంచి పాత పోగులకు కొత్త పోగులు అతికిన వేళ్లు ఆమెవి. ఇప్పుడు గదే పని వెంట్రుకలతోని చేస్తది. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను స్టీలు గిన్నెలు అమ్మవచ్చేటోనికి ఇయ్యకుండ కవర్ల దాచుకొని తెస్తే, కుదుళ్లు ఒక దిక్కు, కొసలు ఒక దిక్కు ఏరి సవరం కట్టి ఇస్తది. ఒక్కటే షరతు. ఎవరి వెంట్రుకలు వాళ్లే పెట్టుకోవాలె. వెంట్రుక రాలేటప్పుడు మనిషి మనసుల ఏమున్నదో, అదంత సవరంల ఉంటది గదా మరి. బ్యాంకుల పనిచేసే శ్రుతి ఒకపారి వాళ్ల నాయనమ్మ సవరం పెట్టుకొని డ్యూటీకి పోయింది. ఎన్నడో తప్పిపోయిన బర్రె కోసం కౌంటర్ల కూసొని దినమంతా ఏడ్చింది. మేనేజరు ఏమనలేదు, పాపం, ఆయన భార్య కూడ యమున గిరాకే.

యమునకు పేర్లు గుర్తుండవు, ఊర్లు గుర్తుంటయి. మగ్గాల ఇండ్లల్ల అంతే, గిరాకిని ఊరి పేరుతోనే పిలుస్తరు. అందుకని కవర్ మీద గట్టు అనో, ధరూరు అనో రాసి మేకుకు తగిలిస్తది. ఊరికి ఒక్కరే ఉన్నన్ని రోజులు ఏ పరేషాన్ లేకుండె. ఆ వారం ధరూరు కవర్లు రెండైనయి.

ఒకటి రేణుకమ్మది. ధరూరుల పత్తి సీడు రైతు బాలన్న భార్య. రెండోది విజయమ్మది. అదే బాలన్న చేన్ల క్రాసింగ్ పనికి పోయే కూలి మనిషి. సాయంత్రం మొగ్గలు గిల్లుడు, పొద్దున పూలకు పుప్పొడి రాసుడు, రెండు నెలలు అదే పని. విజయమ్మ వెంట అదే పనికి పోయే బిడ్డ కృపకు టైఫాయిడ్ వచ్చి జుట్టంత ఊడింది. కాలేజీకి పోయేటప్పుడు పిల్ల బోసిగ పోవద్దని రెండేండ్లు తన వెంట్రుకలు దాచింది, ఆ మంగళవారం పొద్దున రాలినయి కూడ కలిపి తెచ్చిచ్చింది. బిడ్డ కోసం అంటే యమున కూడ షరతు పక్కకు పెట్టింది. తల్లి మనసుల బిడ్డకు పనికిరానిది ఏముంటది?

ఆ గురువారం తమ్ముని బిడ్డ హాఫ్ శారీ ఫంక్షన్ ఉందని రేణుకమ్మ పొద్దున్నే దిగింది. దుకాణం నిండ మనుషులు. ధరూరు అని ఉన్న కవర్ అందుకొని, యమున బిరబిర జడ అల్లి పంపించింది.

ఫంక్షన్ హాల్ల రేణుకమ్మకు కూసుంటే కూసోబుద్ధి కాలేదు. లేస్తది, వాకిలి దాక పోతది, మళ్ల వస్తది. మూడుసార్లు టైమ్ అడిగింది, చేతికి గడియారం ఉండంగనే. కుర్చీకి కట్టిన మల్లెదండల మొగ్గలను వేళ్లు వాటంతటవే ఒక్కొక్కటి గిల్లుతున్నయి. మరదలు చూసి వదినకు ఏమైంది అనుకున్నది. లోపల ఒకటే రంధి. ఐదింటికి ఆఫీసు మూస్తరు, ఐదింటికి ఆఫీసు మూస్తరు. ఏ ఆఫీసో తెల్వదు. అక్షింతలు చేతుల పట్టుకొని నిలబడ్డప్పుడు ఒక గొంతు వినపడ్డది. సీజన్ నడుమ పని ఇడిస్తే రేపటి సంది తల్లీబిడ్డలు ఇద్దరూ రావద్దు అని. ఆ గొంతు తనదే. సోమవారం నాడు బిడ్డను పని ఇడిపిస్తనని అడగనీకె వచ్చి వాకిట్ల నిలబడ్డ విజయమ్మతోని తనే అన్న మాట. అన్నప్పుడు అది ఇంత గట్టిగ తాకుతదని తెల్వలేదు.

అన్నం తినకుండనే యమున దుకాణానికి వచ్చింది. యమున జడ విప్పి చూసి తల కొట్టుకున్నది. ఇది విజయమ్మదని, కృపకు వనపర్తిల నర్సింగ్ సీటు వచ్చిందని, చేరడానికి ఇయ్యాలే ఆఖరు అని ఉన్నదున్నట్టు చెప్పింది. సవరం తీసి పక్కన పెట్టింది. తీసినంక మనిషి నెమ్మదిస్తది, ఎప్పుడైనా అంతే. రేణుకమ్మ కాసేపు కూసున్నది. మళ్ల లేచింది.

"తీసినవ్ గదా, మరి ఈ రంధి పోతలేదేంది?"

యమున సవరాన్ని చూసింది, ఆమెను చూసింది.

"అది సవరానిది కాదక్కా. నీదే."

అప్పటికి రెండు దాటింది. రేణుకమ్మ సవరం చేతుల పట్టుకొని తమ్ముని కారెక్కి, డ్రైవర్ నవీన్‌ను ధరూరుకు పోనియ్యమన్నది. దారిల బాలన్నకు ఫోన్ చేసి సంగతి చెప్పింది. ఆయన కస్సుమన్నడు. పూత మంచిగున్నది, ఒక్కరోజు తప్పినా పువ్వు రాలిపోతది, కృప పట్టే సాలు రేపు ఎవరు పడ్తరని అడిగిండు.

"నేను పడ్త" అని ఫోన్ పెట్టేసింది.

పట్టుచీరతోని చేన్లకు వస్తున్న రేణుకమ్మను చూసి విజయమ్మ బెదిరింది. తిట్టనీకె వచ్చిందనుకున్నది. బిడ్డను, కాయిదాలను తీసుకొని కారెక్కమంటే కాసేపు నమ్మలేదు. వెనక సీట్ల విజయమ్మ బిడ్డకు ఆ సవరం పెట్టి జడ అల్లింది. జడ సగం కాంగనే కృప తల్లి చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

"అమ్మా, ఇన్ని దినాలు గింత భయపడ్డవా? నాతోని ఒక్కసారన్న చెప్పలే."

పెబ్బేరు దగ్గర లారీలు అడ్డమొచ్చి పావుగంట ఆగిపోయిన్రు. కారుల ఉన్న నలుగురూ గడియారమే చూసిన్రు. వనపర్తిల ఆఫీసుకు చేరేసరికి ఐదుకు పది నిమిషాలు తక్కువ. బీరువా తాళం వేస్తున్న గుమస్తా, పట్టుచీరామెను చూసి మళ్ల తెరిచిండు. కృప సంతకం పెట్టింది.

తెల్లారి రేణుకమ్మ చేన్లకు దిగింది. పువ్వు పట్టుకున్నది, పుప్పొడి రాసింది, తర్వాతి పువ్వుకు పోయింది. వేళ్లకు అన్నీ తెలుసు. చేని గట్టు మీద నిలబడ్డ బాలన్న, ఇదంత ఎప్పుడు నేర్చుకున్నవని అడిగిండు. నిన్న అన్నది.

నడుము నొప్పి మాత్రం సవరంల రాలేదు, అది ఆమె సొంతంగ తెచ్చుకున్నది. తొమ్మిదిన్నరకే వంగలేకపోయింది. పక్క సాల్ల విజయమ్మ వంగిన తల ఎత్తకుండ పోతనే ఉన్నది. పదకొండేండ్ల సంది ఆ చేన్ల పని నడుమ కూసునే రివాజు లేదు. రేణుకమ్మ నడుము పట్టుకొని నిలబడి, కూలోళ్లందరినీ నీళ్లకు పిలిచింది.