చాయ్ మానినవాడి పక్క మంచం

మనిషి తాగుడు మానితే ఇంటిల్లిపాదీ సుఖపడతారు. చాయ్ మానితే మాత్రం పక్కవాళ్లే ముందు చస్తారు. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఖతార్‌లో, జలంధర్ అనేవాడి పక్క మంచం మీద పడుకుని స్వయంగా నేర్చుకున్నాను.

అవి చమురు, గ్యాస్ డబ్బుతో దోహా చుట్టూ ఎక్కడ ఖాళీ ఇసుక కనబడితే అక్కడ కట్టేస్తున్న రోజులు. మా కంపెనీకి అల్ వక్రాలో పెద్ద సైటు ఉండేది. మా క్యాంప్ మెసైమీర్ అవతల. నేను బోధన్ రఫీయుద్దీన్ని, కంపెనీ బస్సు డ్రైవర్ని. గదిలో ముగ్గురం: నేను, ఇనుము కట్టే ముత్యం, టవర్ క్రేన్ నడిపే జలంధర్. జలంధర్‌ది కోరుట్ల దగ్గర పల్లె. హెల్పర్‌గా వచ్చి, ఫోర్‌మన్ల చేత తిట్లు తిని తిని, కనబడ్డవాడినల్లా అడిగి క్రేన్ నేర్చుకుని, పరీక్ష పాసయి ఆ క్యాబిన్‌లో కూర్చున్నవాడు. ఎందుకంత ఇష్టమని ఒకసారి అడిగితే, "పైన నా మీద ఒర్రేటోడు ఎవ్వడు లేడు భాయ్" అన్నాడు. అంతకంటే మంచి కారణం నేనూ వినలేదు.

పైకి ఎక్కేటప్పుడు పెద్ద ఫ్లాస్కు నిండా చాయ్ పట్టుకెళ్లేవాడు. దిగేసరికి అది ఖాళీ. దిగాక మళ్లీ నా చేతి చాయ్. డబ్బా పాలు పోసి, ఏలకులు దంచి, నల్లగా మరిగించి నేను పెట్టే కరక్ చాయ్‌కి పక్క గదులవాళ్లు కూడా గ్లాసులు పట్టుకుని వచ్చేవారు.

ఒక రోజు గుండె దడదడ కొట్టుకుంటోందని క్రేన్ మధ్యలో ఆపి దిగొచ్చాడు. కంపెనీ క్లినిక్‌కి నేనే తీసుకెళ్లాను. డాక్టర్ మధుసూదన్ గారిది గుంటూరు. నాడి పట్టుకుని, "రోజుకి ఎన్ని టీలు తాగుతావయ్యా?" అని అడిగాడు.

"లెక్క లేదు సార్."

"అయితే ముందు అది పూర్తిగా మానెయ్. మళ్లీ చెకప్‌కి వచ్చేసరికి గుండె దడ తగ్గిందా, క్రేన్ నీదే. తగ్గలేదా, నేను సంతకం పెట్టను. నీ క్రేన్ కింద అంతమంది ఉంటారు కదా."

క్రేన్ పోతుందంటే ఎవడైనా మానేస్తాడు. జలంధర్ ఆ పూటే మానేశాడు. నాకు గర్వంగా కూడా అనిపించింది. ఆ గర్వం మర్నాటి దాకా ఉంది.

మర్నాడు తలనొప్పి మొదలైంది. తువ్వాలు నుదుటికి బిగించి కట్టుకుని మంచం మీద కూర్చుని ఆవులిస్తూ అందర్నీ తిట్టాడు. ముత్యం చెప్పులు చప్పుడు చేస్తున్నాయన్నాడు. నా అజాన్ గడియారం గొంతు బాగాలేదన్నాడు. స్టవ్ గదిలో ఉండకూడదన్నాడు. సరే పాపమని వరండా చివర పెట్టుకుని కాచుకుంటే, లోపలికి రాగానే, "నీ అంగికి వాసనొస్తున్నది, మార్సుకో" అన్నాడు. నా చొక్కా నేను, నా చాయ్ నేను, మధ్యలో వీడెవడు? అయినా మార్చుకున్నాను. బట్టలు ఉతుక్కునేది కూడా నేనే కదా.

అంతటితో ఊరుకున్నాడా? డ్యూటీకి వెళ్లే దారిలో చాయ్ దుకాణం ముందు బస్సు ఆపడం మాకు అలవాటు. "ఆపితే నేను దిగుత, దిగితే తాగుత, తాగితే నా క్రేన్ పోతది, నీ ఇష్టం" అని నా వెనక సీట్లో కూర్చుని గొణిగాడు. ఆపకుండా పోనిచ్చాను. బస్సు నిండా ఉన్న మనుషులు, మలయాళీ, నేపాలీ, బీహారీ, తేడా లేకుండా నన్ను తిట్టారు. హిందీలో తిట్టినవి అర్థమయ్యాయి. మిగతావి అర్థం కాకపోవడం నా అదృష్టం.

సలహాలు చెప్పేవాళ్లకు కరువా? జీలకర్ర నీళ్లన్నాడు ఒకడు. ఇంకొకడు సులేమానీ చేసి తెచ్చి, "పాలు లేవుగదన్నా, ఇది చాయ్ లెక్కల రాదు" అన్నాడు. పాలు లేకపోతే చాయ్ కాకుండా పోతుందా? ఆ గ్లాసు వాడి చేతే తిరిగి పట్టించి పంపించాను.

చివరికి దారి చూపించింది జలంధర్ భార్య నర్సవ్వ. ఆమె ఊళ్లో బీడీలు చుడుతుంది. ఆమె లెక్కలో ఖతార్ అనేది లేదు, అంతా దుబాయే. ముత్యం అప్పుడే ఇంట్లో పనిబడి నాలుగు రోజుల సెలవు మీద ఊరెళ్లాడు. "ఆ దుబాయ్ల మంచి గోలీలు దొర్కయి. ముత్యం చుట్టీకచ్చిండు గద, ఆయన్తోని పంపిస్త" అంది ఫోన్‌లో. సెలవు నుంచి తిరిగొచ్చేవాడి పెట్టెలో సగం ఇతరుల సామానే ఉంటుంది, అది మా దగ్గర రివాజు. ముత్యం పెట్టెలోంచి మామిడికాయ తొక్కు, సర్వపిండి, వాటి కింద కిరాణం దుకాణంలో దొరికే తలనొప్పి గోలీల షీట్లు, ఒక కట్ట, దిగాయి.

గోలీ పడగానే మనిషి మారిపోయాడు. తువ్వాలు విప్పాడు. నవ్వాడు. ముత్యం చెప్పుల మీద ఫిర్యాదు మానేశాడు. నేను అల్లాకు శుక్రియా చెప్పుకున్నాను.

తొందరపడ్డాను. తిట్లు పోయి ఉపదేశాలు మొదలయ్యాయి. పొద్దున రెండు గోలీలు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం మళ్లీ. మింగినప్పుడల్లా మాకు పాఠం. "మనసు గట్టిగుండాలె భాయ్. నన్ను సూడు. ఇన్నేండ్ల అలవాటు, ఒక్కపూటల ఇడిశిపెట్టిన. నువ్వెందుకు ఇడువవు?" అంటాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా? నేను వరండాలో నిలబడి చాయ్ తాగుతుంటే, దొంగసారా తాగేవాడిని చూసినట్టు చూసేవాడు. ముత్యం అయితే జలంధర్ స్నానానికి వెళ్లినప్పుడే తాగడం నేర్చుకున్నాడు.

మళ్లీ చెకప్‌కి వెళ్లాం. పెళ్లికి వెళ్తున్నట్టు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. డాక్టర్ నాడి చూసి మొహం చిట్లించాడు. "ఏమీ తగ్గలేదే. టీ నిజంగా మానేశావా?"

"నా బిడ్డ మీద ఒట్టు సార్. ఈన్ని అడుగుండ్రి."

"మానేశాడు సార్" అన్నాను. ఆ మాట చెప్పే హక్కు నాకున్నంతగా ఇంకెవరికీ లేదు.

"కాఫీ? కోలా? ఇంకేమైనా మందులు?"

"తలకాయ నొస్తే గోలీ ఏస్కుంట, అంతే" అని జేబులోంచి షీటు తీసి ఇచ్చాడు. డాక్టర్ దాన్ని వెనక్కి తిప్పి, కళ్లద్దాలు పైకి జరిపి, చీమల్లాంటి అక్షరాలు చదివాడు. "రోజుకి ఎన్ని?"

"ఆరు. ఒక్కోపారి ఎన్మిది."

డాక్టర్ షీటు బల్ల మీద పెట్టాడు. "టీలో ఏ మందు ఉందని మానమన్నానో, ఆ కెఫీనే ఇందులోనూ ఉందయ్యా. నువ్వు మానలేదు. తాగడం ఆపి మింగడం మొదలుపెట్టావు."

నాకు ఒళ్లు మండిపోయింది. నా స్టవ్ వరండా పాలైంది, నా చొక్కాలు రోజుకి రెండు ఉతికాను, నలభై మంది చేత తిట్లు తిన్నాను. అదంతా ఎందుకయ్యా అంటే వీడు చాయ్‌ని గోలీ చేసుకుని మింగడానికి. ఆ రోజు నుంచి గోలీలు కూడా బంద్ చేయాలని, అప్పటిదాకా క్రేన్ ఎక్కవద్దని డాక్టర్ రాసిచ్చాడు.

శుక్రవారం మధ్యాహ్నం నర్సవ్వకు ఫోన్ చేశాడు, తిట్టడానికే. మా ఇద్దరి ముందే, స్పీకర్ పెట్టి. "ఏం గోలీలు పంపినవే? అండ్ల గూడ చాయ్ మందే ఉన్నదట. నా క్రేన్ ఆపిండ్రు."

"నాకేం ఎరుక? నేను రోజు మింగుత గదా, నాకేం కాలే."

"రోజా? ఎన్ని?"

"పొద్దుగాల లేస్తెనే తల పల్గుతది. ఒకటి మింగితె గని బీడీలు చుట్టుడు శాతగాదు. మల్ల పగటీలి, మల్ల మాపటీలి. మా వాడకట్టుల అందరం మింగుతం. ఎన్నేండ్ల సంది."

జలంధర్ తిట్లు మరిచిపోయి ఫోన్ దగ్గరికి జరిగాడు. నేను కూడా, నిజం చెప్పాలంటే, ఆ పూట అతని మీద కోపం నిలుపుకోలేకపోయాను.

"బంజెయ్యే" అన్నాడు.

"నువ్వు బంజెయ్యి ముందు. నువ్వు చాయ్ గని గోలీ గని ముట్టనన్ని దినాలు నేను గూడ ముట్ట."

పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డాను. ఇంతకు ముందు ఒక తలనొప్పి వినేవాణ్ని, ఇప్పుడు రెండు. అతను ఇక్కడ తువ్వాలు కట్టుకుని మూలుగుతుంటే ఆమె అక్కడ నుంచి ఫోన్ చేసి మూలిగేది. ఇద్దరూ ఒకర్నొకరు తిట్టుకునేవారు. జలంధర్‌కు వారం దాటేసరికి నొప్పి పోయింది. ఈసారి పాఠాలు కూడా చెప్పలేదు. నర్సవ్వ మాత్రం రెండు రోజులు ఆపడం, మూడో రోజు బీడీల లెక్క తక్కువైందని ఒకటి మింగడం, మళ్లీ మొదటికి రావడం. మింగిన రోజు ఆమే ఫోన్ చేసి చెప్పేసేది, చెప్పి ఏడ్చేది.

మూడో చెకప్‌లో డాక్టర్ ఈసారి మెషిన్ కూడా పెట్టి చూసి పెద్దాసుపత్రికి పంపాడు. అక్కడి రిపోర్టులు వచ్చాక పిలిచి కూర్చోబెట్టాడు. గుండె కొట్టుకునే తీరులోనే లోపం ఉందట. పుట్టినప్పటి నుంచీ ఉందట. "ఇది టీ వల్ల వచ్చింది కాదు. మందులు వాడుకుంటే ప్రాణానికి భయం లేదు. కానీ క్రేన్‌కి మాత్రం నేను సంతకం పెట్టలేను. నేల మీద పని చేసుకో. రోజుకి ఒకటీ రెండు టీలు తాగినా ఫరవాలేదులే."

ఫరవాలేదట. ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే ఆయన సొమ్మేం పోయేది? ముందు టీ తీసేసి చూస్తేగాని అసలు రోగం బయటపడదని ఆయన అన్నాడు. అదీ నిజమే కావచ్చు. నేను మాత్రం బస్సు నడుపుతూ దారంతా డాక్టర్లను, కంపెనీని, క్రేన్లను పేరు పేరునా తిట్టాను. జలంధర్ కిటికీలోంచి వక్రా సైటు వైపు చూస్తున్నాడు. అతని క్రేన్ తిరుగుతోంది. ఇంకెవడో నడుపుతున్నాడు. గదికొచ్చాక కూడా నేను ఆపకపోతే, "కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నా" అన్నాడు ముత్యం. కందకు ఎంత దురద ఉందో వాడికేం తెలుసు?

ఆ తర్వాతి శుక్రవారం మంచి చాయ్ కాచాను. ఏలకులు రెండు ఎక్కువే వేశాను. అతని చేతికిచ్చి, "తాగు. డాక్టరే తాగుమన్నడు. క్రేన్ ఎట్లాగూ పోయింది, ఇంక దేనికోసం ఆపుడు?" అన్నాను.

గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కింద పెట్టేశాడు. "నేను తాగితె ఆమె మింగుతది భాయ్. ఇయ్యాల ఆమె గోలీ ముట్టక ఐదో దినం. గింత దూరం ఎన్నడు రాలే."

అంతలో ఫోన్ మోగింది. నర్సవ్వ. "తాగినవా?"

"తాగలే."

"అబద్ధం. క్రేనే పాయె, ఇంక నువ్వెందుకు ఆపుతవ్?"

జలంధర్ ఫోన్ నా చేతికిచ్చాడు. చాయ్ మీద మీగడ కడుతోంది. "తాగలే చెల్లే. నేనే పోసిచ్చిన. ముట్టలే" అన్నాను.

"ఐతె నేను గూడ మింగ అన్నా" అంది. వెంటనే మూలిగింది. "తల పల్గిపోతున్నది. ఆయనకియ్యి."

జలంధర్ ఫోన్ తీసుకుని గోడవైపు తిరిగాడు. అతనికి తలనొప్పి పోయి ఎన్నో రోజులైంది. పక్క మంచంవాణ్ని, నాకు తెలియదా?

"నాగ్గూడ పల్గుతున్నదే" అన్నాడు. "ఫోన్ పెట్టకు. ఇద్దరం ఓర్సుకుందాం."