చేసినవారు తెలియదు

"తప్పులుంటే మన్నించండి. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. నిదానంగా రాస్తాను."

ఈ కాస్తా రాసేసరికి ఆవిడకు అరగంట పట్టింది. రాస్తున్నది ఒక చిన్న అట్టముక్క వెనకవైపు. ముందువైపు పోయిన భర్త చేతిరాత ఉంది.

ఆయనకు కఫ్ లింకుల పిచ్చి. చొక్కా చేతుల చివర గుండీలకు బదులు పెట్టుకునే ఆ జతలను మూడు వందల పైచిలుకు పోగేశాడు. వెండివి, ఇత్తడివి, గాజువి. ఒక్కో జతకూ ఒక అట్ట, దాని మీద ఆ జత పుట్టుపూర్వోత్తరాలు. వారం వారం వాటిని తోమి తుడవడం ఆవిడ వంతు. "అట్టలు కలిపేయకు, నీకెలాగూ చదవడం రాదు" అనేవాడు. ఒంటిచేత్తో పెట్టుకోవడం కష్టం కాబట్టి రోజూ ఆఫీసుకు వెళ్ళేముందు రెండు చేతులూ చాచి నిలబడేవాడు. పాలు పొంగిపోతున్నా ఆవిడ ముందు అవి పెట్టాల్సిందే. ఆ కాసేపూ చరిత్ర చెప్పేవాడు. "పూర్వం నాడాలతో కట్టుకునేవాళ్ళు. తర్వాత రెండు గుండీలను గొలుసుతో కలిపారు. అయినా నీకెందుకులే ఇదంతా!" అత్తగారు పక్కనుంచి, "మొగుడి మణికట్టు తప్ప దానికి లోకంలో ఇంకేం తెలుసు" అని నవ్వేది.

ఆయన పెద్ద గుమాస్తా అయిన రోజున, అప్పటికి ఉన్న ఒకే ఒక్క జతలో ఒకటి జారి మోరీలో పడిపోయింది. ఆయన ముఖం పాలిపోయింది. ఆవిడ కుట్టుపెట్టెలోంచి నీలం పట్టుదారం తీసి, నాలుగు గుండ్రటి ముళ్ళు వేసి, రెండేసి కలిపి ఆయన చేతులకు పెట్టింది. "నా పరువు నిలబెట్టావే" అన్నాడు ఆ పూట.

కొన్నేళ్ళకు ఆయనలాంటి పిచ్చివాళ్ళు నలుగురు ఇంటికొచ్చారు. ఒకాయన ఆ ముళ్ళను వెలుగులోకి ఎత్తి, "ఇంత నాజూకు పని ఎక్కడ పట్టావయ్యా?" అన్నాడు. "ఓ పాత దుకాణంలో దొరికాయి" అన్నాడు భర్త. టీ కప్పులతో వచ్చిన ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. వాళ్ళు వెళ్ళాక అడిగింది, "అదేంటండీ, అలా చెప్పారు?"

"మా ఆవిడ వేసిందంటే నవ్వరూ? నోటితో సవాలక్ష చెప్తాం. అట్ట మీద మాత్రం నేను అబద్ధం రాయనే, పిచ్చిదానా."

ఆ మాట పట్టుకుని ఇరవై ఏడేళ్ళు బతికింది.

ఆయన పోయాక గ్రంథాలయంలో పెద్దవాళ్ళ బడికి వెళ్ళింది. ఈ వయసులో ఎందుకమ్మా అని పంతులమ్మ అడిగితే, "ఒక అట్ట చదవాలి" అంది. రెండేళ్ళు పట్టింది. పోయిన నెల అక్షరాల కింద వేలుపెట్టి చదివింది. "నీలం పట్టుదారపు ముళ్ళు. పాత దుకాణంలో దొరికాయి. చేసినవారు తెలియదు." తన చదువులోనే తప్పుందేమోనని మూడుసార్లు చదివింది. చదువులో తప్పేమీ లేదు.

ఇవాళ పొద్దున ఆ కఫ్ లింకుల పెట్టెలు తీసుకెళ్ళడానికి మ్యూజియం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. "సార్ అట్టలు ఎంత పక్కాగా ఉన్నాయో!" అని మురిసిపోయింది.

"ఈ నీలం ముళ్ళు నేను వేసినవమ్మా" అంది ఆవిడ.

కొడుకు గొంతు తగ్గించి, "అమ్మకు ఈమధ్య కాస్త మతిమరుపండీ" అన్నాడు.

ఆ పిల్ల మంచిదే. "పోనీ, ఒకటి వేసి చూపించండమ్మా" అంది. ఆవిడ దారం తెచ్చుకుని కూర్చుంది. తోమీ తోమీ కొంకర్లు పోయిన వేళ్ళు వంగలేదు. దారం రెండుసార్లు కింద పడింది. కొడుకు తల తిప్పుకున్నాడు. "ఫర్లేదులెండమ్మా" అంది ఆ పిల్ల. కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

వాళ్ళు ముందుగదిలో మిగతా పెట్టెలు కడుతున్నారు. మ్యూజియంలో ఈ అట్టను బల్లకు అంటించేస్తారని, వెనకవైపు ఇంకెవరూ చూడరని ఆవిడకు తెలుసు. అయినా, "ఈ ముళ్ళు నేను వేశాను" అని రాసింది. దాని కింద చెయ్యి తనంతట తానే "ఆయన భార్య" అని మొదలుపెట్టబోయింది. ఆపింది. కూడబలుక్కుంటూ తన పేరు రాసింది, నాలుగక్షరాలు. వయసు అరవై తొమ్మిది. ఉండేది కొడుకింట్లో, బట్టలారేసే వరండా పక్క గదిలో.